లేని నడుం నొప్పి

ఫిబ్రవరి 11

రాత్రి కూడా నడుం నొప్పి అనే చెప్పాను.

మా ఆవిడ లైటు ఆర్పేసింది. అటు తిరిగి పడుకుంది. కాసేపటికి లేచి నా వైపున్న కిటికీ మూసింది, చలిగాలికి నడుం పట్టేస్తుందని. ఆ తలుపు చప్పుడు విన్నాక ఇక నిద్ర పట్టలేదు.

ఈ డైరీ పరుపుల కంపెనీ వాళ్లు ఊరికే పంచింది. ప్రతి పేజీ అడుగున ‘హాయిగా నిద్రపోండి’ అని అచ్చేశారు. షాపులో నా సొరుగులో పెట్టుకుంటాను. పొద్దున్నే షట్టర్ ఎత్తాక గిరాకీ వచ్చేదాకా చేసే పని ఏమీ ఉండదు కదా.

ఫిబ్రవరి 12

అలసట. అంతకుమించి ఏం లేదు. రోజంతా నిలబడి చేసే ఉద్యోగం, నలభై ఏడేళ్ల ఒళ్లు. కాస్త గిరాకీ తగ్గితే అదే సర్దుకుంటుంది.

ఫిబ్రవరి 19

పొద్దున ఒక జంట వచ్చింది. పెళ్లి వచ్చే నెలట. అమ్మాయి పరుపు అంచున కూర్చుని కాళ్లు ఊపుతోంది. అబ్బాయి నన్ను పక్కకి తీసుకెళ్లి, “చప్పుడేమన్నా వస్తుందా అండీ?” అని గుసగుసగా అడిగాడు. ఎప్పుడూ చెప్పేదే చెప్పాను. గ్లాసు నిండా నీళ్లు పెట్టి పక్కన గెంతినా తొణకదు సార్, అని. వాడు సిగ్గుపడ్డాడు. నాకు మాత్రం ఆ సిగ్గు చూసి అసూయ పుట్టింది. వాడిది ఎంత హాయైన సిగ్గు!

మధ్యాహ్నం పెద్దాయన, అంటే మా షాపు ఓనరు, నాకోసం స్టూలు తెచ్చి వేశాడు. మా ఆవిడ ఫోన్ చేసి చెప్పిందట, ఆయన్ని మరీ ఎక్కువసేపు నిలబెట్టకండి, నడుం నొప్పితో బాధపడుతున్నారు అని.

“పరుపులమ్మేవాడికి నడుం నొప్పేమిటయ్యా! బట్టతలవాడు దువ్వెనలమ్మినట్టుంటుంది. గిరాకీ ముందు మాత్రం నడుం పట్టుకోకు, నీకు పుణ్యముంటుంది” అన్నాడు.

నవ్వాను. స్టూలు మీద కూర్చున్నాను. రెండుసార్లు మూలిగాను కూడా. ఒక అబద్ధానికి కాపలాగా ఇంకొకటి, దానికి అన్నం పెట్టడానికి మరొకటి.

మార్చి 2

ఇక్కడైనా నిజం రాయాలి.

నిరుడు ఆమెకి గర్భసంచి తీసేశారు. బాగా రక్తం పోయి, తీయక తప్పలేదు. మూడు నెలలు పోయాక డాక్టరమ్మ, ఇక మామూలుగా ఉండొచ్చు అంది. ఆ ఆదివారం మా అమ్మాయి స్నేహితురాలి ఇంటికి వెళ్లింది. ఈవిడ తలస్నానం చేసి వచ్చింది. నాకూ ఇష్టంగానే ఉంది. ఇష్టం లేక కాదు. ఇది ఇంకోసారి రాస్తున్నాను, ఇష్టం లేక కాదు. మనసు ముందుకి పోయింది, ఒళ్లు రానంది. గుమ్మం దాకా వచ్చి లోపలికి రానని మొండికేసిన చుట్టంలా.

“పర్లేదు లెండి, అలసిపోయుంటారు” అంది.

ఆ తర్వాత మరోసారీ అంతే. మూడోసారి అలాంటి పరిస్థితి రాకముందే నాకు నడుం నొప్పి వచ్చేసింది.

మార్చి 10

బస్టాండులో మరుగుదొడ్డి గోడ మీద అతికించిన కాగితం చూసి పొడి తెప్పించాను. ‘మగాడు మళ్లీ మగాడవుతాడు’ అని రాసుంది. నాలుగు రోజులు వాడాను. గుండె దడదడలాడింది, విరేచనాలు పట్టుకున్నాయి. పనిచేసిందంటే కడుపు మీదే.

మిగిలిన పొడి షాపు వెనక మురిక్కాలవలో పోశాను. కలుపు మొక్కలు ఏమైనా మగాళ్లవుతాయేమో చూడాలి.

మార్చి 21

మా అద్దె ఇల్లు రెండో అంతస్తులో. ఈరోజు గిరాకీ లేక పెద్దాయన తొందరగా పంపేశాడు. మెట్లెక్కి తాళంచెవి తీయబోతుంటే లోపల ఆమె మాట వినిపించింది. వాళ్లక్కతో ఫోన్లో.

“నడుం నొప్పి కాదక్కా. నాకు తెలీదా? ఆపరేషనప్పట్నుంచే. నా పక్కన పడుకోవాలంటేనే ఆయనకి అదోలా ఉంటోంది. నేనింక ఆడదాన్లా కనపడట్లేదేమో... ఛ, అడగడమా! ఏమని అడగను? అద్దంలో చూసుకుంటే నాకే అనిపిస్తోంటే, ఆయన్నేమంటాం?”

తలుపు తీసి, కాదు, తప్పు నాది అనాలి. రెండడుగుల దూరం.

నేను చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగి కింద దాకా వెళ్లాను. చెప్పులు వేసుకుని, టపటపా చప్పుడు చేస్తూ, దగ్గుతూ మళ్లీ ఎక్కాను. నేను వచ్చేసరికి ఆమె మొహం కడుక్కుని ఉంది. “తొందరగా వచ్చేశారే, నడుం ఎలా ఉంది?” అంది.

“అలాగే ఉంది” అన్నాను.

ఇంకో మాట కూడా రాయాలి. తప్పు తనదే అనుకుంటోందని విన్నప్పుడు, నాకు బాధ కంటే ముందు ఊరట కలిగింది. ఒక్క క్షణమే. కానీ కలిగింది. ఈ వాక్యం కొట్టేద్దామనుకున్నాను. కొట్టేయను.

మార్చి 24

డాక్టరు దగ్గరికి వెళ్లాను. మా వైపు ఆసుపత్రి కాదు, తెలిసినవాళ్లెవరూ ఎక్కని బస్సెక్కి ఊరి ఆ చివరికి.

అంత దూరం పోయి, అంతసేపు బెంచీ మీద కూర్చుని, తీరా ఆయన “ఏమిటి బాధ?” అంటే నా నోట్లోంచి వచ్చిన మాట: “నడుం నొప్పండీ.”

ఆయన బల్ల మీద పడుకోబెట్టి కాళ్లు ఎత్తించాడు, వంగమన్నాడు, వెన్నుపూసలన్నీ వేలితో నొక్కాడు. తర్వాత చేతులు కడుక్కుంటూ, “మీ నడుం నా నడుం కంటే బాగుంది. ఇప్పుడు అసలు సంగతి చెప్పండి” అన్నాడు.

చెప్పాను. గోడ మీద వేలాడుతున్న ఊపిరితిత్తుల బొమ్మకి చెప్పాను, ఆయన మొహం చూడకుండా.

ఆయన నవ్వలేదు. సిగరెట్లా? ఎప్పుడో మానేశాను. మందు? అప్పుడప్పుడు. నడక? బస్టాపు దాకా. ఇంట్లో ఎవరికైనా షుగరు? మా నాన్నకి. పొద్దున లేచేటప్పుడు ఎలా ఉంటుంది? ఆ ప్రశ్నకి నేను ఇంకో ఊపిరితిత్తి వైపు తిరిగాను. రక్తం తీసి, బీపీ చూసి, మళ్లీ రమ్మన్నాడు.

మార్చి 31

షుగరు అంచున ఉంది. బీపీ ఎక్కువ. పొట్ట సంగతి నాకు తెలిసిందే.

“అక్కడి రక్తనాళాలు సన్నవండీ. గుండెకి వెళ్లే వాటికంటే సన్నవి. అందుకని ఇబ్బంది ముందు అక్కడ తెలుస్తుంది. మీ ఒళ్లు మీకు ముందుగా కబురు పంపింది అనుకోండి, పరువు తీసిందనుకోకండి” అన్నాడు.

మాత్రలున్నాయన్నాడు, కావాలంటే రాస్తానన్నాడు. కానీ మాత్ర ఆ పూటకే, రక్తం మళ్లీ సరిగ్గా పారాలంటే ఒళ్లు వంచాల్సిందే అన్నాడు. చెమట పట్టేలా జోరుగా నడక, వారంలో ఎక్కువ రోజులు. దాంతోపాటు కటి కింది కండరాలకి వ్యాయామం, అది నేర్పడానికి వేరే మనిషి. నెలలు పడుతుంది, అందరికీ ఒకేలా పనిచేయదు అని కూడా చెప్పాడు. ఆ నిజాయితీ నాకు నచ్చలేదు. గోడ మీద కాగితం వాడే నయం, వారంలో తగ్గుతుందన్నాడు.

“మీ ఇంటావిడకి తెలుసా?”

“తెలుసండీ” అన్నాను.

డాక్టరుకి కూడా అబద్ధం చెప్పినవాణ్ని ఏ మందు బాగుచేస్తుంది?

ఏప్రిల్ 5

వ్యాయామం నేర్పే ఫిజియో అంటే ఎవరో కండలు తిరిగిన మగవాడనుకున్నాను. గది తలుపు తీసింది ఒక అమ్మాయి. ముప్ఫై దాటి ఉంటాయేమో. “రండి సార్” అంది. నేను గది పొరబడ్డానని చెప్పి వెనక్కి తిరిగాను. ఆమె నా పేరు చదివింది. ఇక తప్పలేదు.

బొమ్మ చూపించింది. ముందు ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా ఉయ్యాల కట్టినట్టుండే కండరం. మగవాళ్లకీ ఉంటుందట. అది గట్టిగా ఉంటే వచ్చిన రక్తం నిలుస్తుందట.

“పదిమందిలో కూర్చున్నప్పుడు గ్యాస్ వస్తే ఆపుకుంటారు కదా సార్, అలా లోపలికి బిగించి పైకి లాగండి. పొట్ట కాదు, పిరుదులు కాదు. ఊపిరి బిగబట్టొద్దు.”

నేను మొత్తం బిగించాను. పొట్ట, పళ్లు, పిడికిళ్లు, కళ్లు.

“మొహంతో కాదు సార్” అంది.

ఆ మాట అన్నాక తనే తల దించుకుని నవ్వు ఆపుకుంది. నాకూ నవ్వొచ్చింది. వచ్చింది గానీ, బయటికొచ్చి బస్టాపులో నిలబడితే ఏడుపొచ్చింది. మా అమ్మాయి కంటే ఓ పదిహేనేళ్లు పెద్ద ఉంటుందేమో. ఆమె ముందు నేను... చాలు.

ఏప్రిల్ 8

నడుం నొప్పికి నడవమన్నారని ఇంట్లో చెప్పాను.

సాయంత్రం మా ఆవిడ పని నుంచి వస్తూ బూట్లు తెచ్చింది. మెత్తటి అట్ట వేసిన మంచి బూట్లు. నా ముందు నేల మీద కూర్చుని, లేసులు తనే కట్టి, “వేళ్ల దగ్గర చాలుతోందా? నడవండి, ఆ గోడ దాకా నడిచి రండి” అంది.

గోడ దాకా నడిచాను. తిరిగి రావడానికి మొహం చెల్లలేదు.

ఏప్రిల్ 9

పార్కు చుట్టూ నడిచాను. సగంలో ఆయాసం.

ఏప్రిల్ 13

నడిచాను.

ఏప్రిల్ 16

వాన. షాపులో పరుపుల వరసల మధ్య అటూ ఇటూ నడిచాను. పెద్దాయన, “బోనులో పులిలా ఏంటయ్యా” అన్నాడు. పులి!

ఏప్రిల్ 29

ఫిజియో నేర్పిన వ్యాయామం మాత్రం ఎక్కడైనా చేసుకోవచ్చు, అదొక సుఖం. గిరాకీ వాళ్లు పరుపు మీద పడుకుని కళ్లు మూసుకున్నప్పుడు పక్కన నిలబడి చేస్తున్నాను. ఈరోజు ఒక పెద్దావిడ ఉన్నట్టుండి కళ్లు తెరిచి, “ఏం బాబూ, ధర చెప్పడానికి అంత కష్టపడుతున్నావు?” అంది.

ఇప్పుడు హాల్లో పడుకుంటున్నాను. నేల మీద అయితే నడుముకి మంచిదని చెప్పాను. నిజానికి ఆమె ఊపిరి పక్కన వినిపిస్తూ ఉంటే నాకు పరీక్ష హాల్లో కూర్చున్నట్టు ఉంటుంది.

మే 12

ఆమె యూనిఫాంలు కుట్టే కార్ఖానాలో కటింగ్ చేస్తుంది. కంటితోనే కొలతలు తీసే మనిషి. ఈ పొద్దున నా ప్యాంటు నడుము వెనక వేలు దూర్చి, “రెండంగుళాలు వదులయ్యింది” అంది. సాయంత్రానికి నా ప్యాంట్లన్నీ బిగించి పెట్టింది. సూది నోట్లో పెట్టుకునే, నా వైపు చూడకుండా అంది:

“నడుం నొప్పి వాళ్లు ఇంత నాజూగ్గా అవుతారని నాకు తెలీదు. ఎవరి కోసమండీ ఇదంతా?”

“ఎవరి కోసమేంటి! ఆరోగ్యం కోసం.”

“అదే లెండి” అంది. దారం కొరికింది.

మే 20

ఈ పొద్దున మెలకువ వచ్చేసరికి తేడా తెలిసింది. చాలా నెలల తర్వాత. హాల్లో నేల మీద, చాప మీద, ఒక్కణ్నీ. ఎవరికి చెప్పుకోను? లేచి వెళ్లి ఆమె గది గుమ్మం దగ్గర నిలబడ్డాను. నిద్రపోతోంది, చెయ్యి నా ఖాళీ వైపు చాచి ఉంది.

వెళ్లలేదు. ఇంకా పూర్తిగా తగ్గాక వెళ్దాం. సగం బాగుపడి వెళ్లి మళ్లీ నవ్వులపాలవడం దేనికి? ఇంకో నెల.

ఆమె ఎప్పుడు నవ్వింది? ఒక్కసారి కూడా నవ్వలేదు.

మే 26

మా అమ్మాయి కాలేజీకి బయల్దేరుతూ, బూట్లేసుకుంటూ అడిగింది. “నాన్నా, మీరూ అమ్మా విడిపోతున్నారా?”

“ఛ, ఎవరన్నారు?”

“ఎవరూ అనలేదు. మీరు హాల్లో పడుకుంటారు. అమ్మ స్నానాల గదిలో పంపు తిప్పుకుని ఏడుస్తుంది. పంపు చప్పుడుకి వినపడదనుకుంటుంది.”

“నడుం నొప్పమ్మా” అన్నాను. పదహారేళ్ల పిల్ల నన్ను చూసిన చూపు ఇక్కడ రాయలేను.

జూన్ 10

ఈరోజు ఆమె షాపుకి వచ్చింది.

మూడింటికి, ఎండలోంచి, సంచీ భుజాన వేసుకుని. నాకోసం వచ్చిందనుకుని లేచాను. ఆమె తిన్నగా కౌంటరు దగ్గర పెద్దాయన ముందు నిలబడి, “రెండు సింగిల్ పరుపులు కావాలండీ, మంచాలతో సహా” అంది.

“ఏంటమ్మాయ్, ఇంట్లో మా మనిషి ఉండగా ఎండలో పడి నువ్వు రావాలా? అమ్మాయికా?”

“కాదండీ. మాకే.”

పెద్దాయన నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి ఏదో హాస్యం రాబోయింది, నా మొహం చూసి మూసేశాడు. “చూపించవయ్యా” అని లోపలికి వెళ్లిపోయాడు. ఆయన్ని ఎన్నోసార్లు తిట్టుకున్నాను గానీ ఈరోజు ఆ లోపలికి వెళ్లడం మర్చిపోలేను.

చూపించాను. నా గొంతు నేను వింటున్నాను. ఇది స్పాంజి, ఇది కొబ్బరి పీచు, ఇది స్ప్రింగు. ఆమె చెప్పులు విప్పి ఒకదాని మీద వెల్లకిలా పడుకుంది. చేతులు పొట్ట మీద, కుట్ల మీద పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. ఇంతమందిని ఇలా పడుకోబెట్టాను, ఇంత బాధతో పడుకున్న మనిషిని చూడలేదు.

అలవాటులో పడి నోరు జారింది. “ఎవరెవరు పడుకుంటారండీ?”

కళ్లు తెరవకుండానే జవాబు చెప్పింది. “ఒకరు నడుం నొప్పి మనిషి. ఇంకొకరికి నొప్పేం లేదు.”

బిల్లు నేనే రాశాను. శుక్రవారం తెస్తారని చెప్పాను. “సరేనండీ” అని, ఎవరో షాపువాడితో అన్నట్టు అని, వెళ్లిపోయింది.

జూన్ 11

ఫిజియో అమ్మాయి దగ్గరికి వెళ్లే రోజు. వెళ్లకూడదనుకున్నాను, వెళ్లాను. చాలా బాగుంది సార్, పట్టు వచ్చింది, మీరు శ్రద్ధగా చేస్తున్నారు అంది.

“మా ఇంట్లో తెలీదమ్మా” అన్నాను. ఎందుకన్నానో తెలీదు.

ఆమె రాస్తున్నది ఆపింది. “కండరం సంగతైతే నేను చూస్తాను సార్. ఇది నేను చూడగలిగేది కాదు” అంది.

జూన్ 13, శుక్రవారం

వరసగా రాయాలి, లేకపోతే నాకు నచ్చినట్టు మార్చేసుకుంటాను.

నడక అయ్యాక పార్కులో ఎప్పుడూ కూర్చునే సిమెంటు బెంచీ మీద కూర్చున్నాను. మనసు బాగోలేదు. కళ్లు మూసుకుని వ్యాయామం మొదలుపెట్టాను. ఫిజియో అమ్మాయి చెప్పిందంతా మర్చిపోయి ఒళ్లంతా బిగించేసినట్టున్నాను. ఎవరో పరుగెత్తుకొస్తున్న చప్పుడు. భుజాలు పట్టుకుని కుదిపేశారు.

“ఏమండీ! ఏమైంది? గుండెలో నొప్పా? మాట్లాడండి!”

ఆమె. జుట్టు ఊడిపోయి, కాళ్లకి చెప్పుల్లేకుండా. చెట్టు వెనక విడిచి పరుగెత్తిందని తర్వాత తెలిసింది. నేను ఎవర్ని కలుస్తున్నానో చూద్దామని వెంట వచ్చిందట. మూడు రోజులుగా వస్తోందట. నేను నడవడం, ఈ బెంచీ మీద కూర్చోవడం, ఇంటికి రావడం తప్ప ఇంకేం కనపడలేదట. ఈరోజు నా మొహం ఎర్రబడి వంకర్లు పోవడం చూసి, ప్రాణం పోతోందనుకుంది.

ఆమె రెండు చేతులతో నా ఛాతీ రుద్దుతోంది. “నీళ్లు తెస్తాను, కదలొద్దు, ఎవరైనా రండయ్యా” అని అరుస్తోంది.

నా నాలుక చివర ఆ రెండు మాటలు సిద్ధంగా ఉన్నాయి. నడుం నొప్పి. అంటే నమ్మేది.

“నాకేం కాలేదు. వ్యాయామం చేస్తున్నాను” అన్నాను.

“ఇదేం వ్యాయామం?”

చెప్పాను. ఈసారి చూడటానికి ఊపిరితిత్తుల బొమ్మ లేదు. ఆమె మొహం చూస్తూనే చెప్పాను. ఆ ఆదివారం నుంచి, పొడి, డాక్టరు, ఫిజియో, అన్నీ. మెట్ల మీద చెప్పులు చేత్తో పట్టుకుని దిగిన సంగతి కూడా.

అక్కడిదాకా ఆమె నా చెయ్యి పట్టుకునే ఉంది. అది చెప్పగానే వదిలేసింది.

“విన్నావా? నేను అక్కతో అన్నది నువ్వు విన్నావా?”

పెళ్లయిన కొత్తలో నన్ను ‘నువ్వు’ అనేది. అప్పుడు ముద్దొచ్చి.

“విన్నాను.”

“విని కూడా ఊరుకున్నావా! నేను అద్దంలో చూసుకోవడం మానేశాను తెలుసా నీకు? పైట తీయడానికి నాకే భయమేసేది. నీకు లేవకపోతే లేవలేదని చెప్పాలి గానీ, నన్ను కుళ్లిపోయిందాన్ని చేస్తావా?”

దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. అంత పెద్ద గొంతుతో అంది. ఇన్ని నెలలు నేను భయపడింది ఆ మాట ఎవరైనా పైకి అంటారనే. పార్కంతా వినపడేలా అంది. నాకు ఆ మాట కంటే దాని తర్వాత మాటే ఎక్కువ తగిలింది.

చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయింది.

పదకొండింటికి మా షాపు బండిలోనే పరుపులొచ్చాయి. సంతకం నేనే పెట్టాను.

జూన్ 14

మాట్లాడలేదు.

జూన్ 17

మాట్లాడలేదు. టీ పెట్టి ఇచ్చింది. కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడు బట్టి కోపం ఎంతుందో తెలుస్తోంది.

జూన్ 22

అమ్మాయికి చెప్పాను. అంతా కాదు. అమ్మది ఏ తప్పూ లేదు, నాకో ఆరోగ్య సమస్య ఉంటే దాచి అమ్మని ఏడిపించాను, మేం విడిపోవడం లేదు అని. “విడిపోవడం లేదని అమ్మ కూడా అంటోందా?” అని అడిగింది. తెలివైన పిల్ల.

జూన్ 28

మధ్యాహ్నం సెలవు పెట్టి ఆమె కార్ఖానాకి వెళ్లాను. పెళ్లయినప్పట్నుంచీ గేటు దాకానే వెళ్లాను, లోపల ఎప్పుడూ చూడలేదు. మిగతావాళ్లు భోజనానికి వెళ్లారు. పొడుగాటి బల్ల మీద గుడ్డ పొరలు పొరలుగా పరిచి, ఆమె ఒక్కతే సుద్దతో గీతలు గీస్తోంది.

“క్షమించమని అడగడానికి రాలేదు. నడుం నొప్పి లేదని చెప్పడానికి వచ్చాను. ముందు ఒక్కసారి అదైనా నేను నేనుగా వచ్చి చెప్పాలి” అన్నాను.

ఆమె గీత ఆపలేదు. చొక్కా చేతి ఆకారం పూర్తయ్యాక సుద్ద కింద పెట్టింది.

“నేనూ ఒకటి చెప్తా విను. మొదటి రెండు మూడు నెలలు నీ నడుం నొప్పికి మనసులో దణ్ణం పెట్టుకున్నా.”

అర్థం కాలేదు.

“డాక్టరమ్మ ఇక ఉండొచ్చంది గానీ, నాకు లోపల పచ్చిగానే ఉండేది. ముట్టుకుంటే ఏమవుతుందో, నొప్పెడుతుందేమో, నువ్వు నొచ్చుకుంటావేమోనని హడలిపోయేదాన్ని. ఆ ఆదివారం తలస్నానం చేసి వచ్చానే, వణుకుతూ వచ్చాను. నీకు కాకపోతే, హమ్మయ్య అనుకున్నా. పర్లేదు లెండి అన్నది నీకోసం అనుకున్నావా? నాకోసం అన్నా.”

నేను అక్కడున్న ముక్కాలిపీట మీద కూర్చుండిపోయాను.

“ఆ తర్వాత నాకు తగ్గింది. నీకు మాత్రం నొప్పి తగ్గలేదు. అప్పట్నుంచి మొదలైంది నాకు” అంది. ఒక ముక్క గుడ్డ తీసి కళ్లు తుడుచుకుంది. సుద్ద మరకలు బుగ్గల మీద అంటుకున్నాయి. “అలా అని నీ మీద కోపం పోయిందనుకోకు. నేను దాచింది భయం. నువ్వు దాచి, నా మీదికి తోసింది వేరు.”

“వేరే” అన్నాను.

“భోంచేశావా?”

“లేదు.”

డబ్బా మూత తీసి సగం నా వైపు జరిపింది.

జూలై 9

మంచాలు రెండూ దగ్గరికి జరిపింది. నేను కాదు, ఆమె. మధ్యలో సందుంది. ఆ సందులోకి నా మోచెయ్యి పడుతోంది, తన జడ పడుతోంది. పరుపులమ్మే వాడి ఇంట్లో ఇదీ వైభోగం.

చెయ్యి మాత్రం పట్టుకుని పడుకుంటున్నాం. కోపం పూర్తిగా పోలేదు. పోవాలని అడిగే హక్కు నాకు లేదు.

జూలై 12

నడకకి తనూ వస్తోంది. నాకంటే ముందు నడుస్తోంది. అందుకోవడం కష్టంగా ఉంది.

జూలై 27, ఆదివారం

అమ్మాయి ఇంట్లో లేదు. వాన.

వివరాలు ఈ డైరీకి అనవసరం. కాలేదు, అంతే. కాస్త దూరం వచ్చి ఆగిపోయింది. పాత అలవాటు కొద్దీ నోరు తెరిచాను. “అలసట...” అనబోయి, ఆపి, “కాలేదు. సిగ్గుగా ఉంది” అన్నాను.

“ఉండనీ” అంది. నా తల తన పొట్ట మీదికి లాక్కుంది. కుట్ల గీత నా చెంపకి తగిలింది. నేను దాన్ని చూడటం అదే మొదటిసారి. నా సిగ్గులో పడి ఇన్నాళ్లూ ఆ గీత ఎటునుంచి ఎటు ఉందో కూడా చూడలేదు.

ఆగస్టు 10

ఈరోజు వివరాలు అసలే రాయను.

ఆగస్టు 23

డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్లాం, అదే దూరం బస్సులో. షుగరు దిగింది. బీపీ దిగింది. ఆయన కాగితాలు తిరగేసి సంతోషపడ్డాడు. ఇది మానకూడదండీ, బాగైందని మానేస్తే మళ్లీ మొదటికొస్తుంది అన్నాడు. తర్వాత కళ్లజోడు పైకి తోసుకుని, “మరి ఆ విషయం?” అన్నాడు.

నాకు చెవులు వేడెక్కాయి. ఊపిరితిత్తులు ఇంకా ఆ గోడ మీదే ఉన్నాయేమో చూడలేదు, నా చూపు నేల మీద ఉంది. పక్కన ఆడమనిషి, అదీ కట్టుకున్న మనిషి, ఎదురుగా మగడాక్టరు. ఏమని చెప్పడం?

ఆమె సంచీ ఒళ్లో సర్దుకుంది. బస్సు ఎన్నింటికి అని అడిగితే చెప్పినంత మామూలుగా చెప్పింది.

“ఒక్కోసారి అవుతుందండీ. ఒక్కోసారి కాదు. కానప్పుడు కబుర్లు చెప్పుకుంటున్నాం. అవీ బాగానే ఉంటున్నాయి.”

డాక్టరు కలం ఆగింది. ఆయన ఏదో రాయబోయి, దానికి తన కాగితంలో గడి లేదన్నట్టు చూసి, నా వైపు తిరిగాడు.

“అంతేనా అండీ?”

సిగ్గు అలాగే ఉంది. ఎక్కడికీ పోలేదు. దానితోనే తల ఎత్తాను.

“అంతేనండీ” అన్నాను.